రాత్రి రంగురంగుల పగడం.. తెల్లారేసరికి తెల్లటి గూడు! ఇళ్లలోని ట్యాంకుల్లో అసలేం జరుగుతోంది?

రాత్రి లైట్లు ఆపేటప్పుడు అంతా బాగానే ఉంది. పొద్దున లేచి చూస్తే ట్యాంక్‌లో పగడం కొమ్మ సగం తెల్లబడిపోయింది. చర్మం ఒలిచినట్టు పొరలు పొరలుగా ఊడి నీళ్లలో తేలుతున్నాయి. మధ్యాహ్నానికి మిగతా సగమూ పోయింది. ఏళ్ల తరబడి పెంచుకున్నది ఒక్క పూటలో ఖాళీ! విచిత్రం ఏంటంటే.. పక్కనే ఉన్న చేపలకు ఏమీ కాలేదు. హాయిగా తిరుగుతున్నాయి.

అమెరికా, యూరప్‌లలో ఇంట్లోనే ఉప్పునీటి ట్యాంకులు పెట్టి పగడాలు పెంచేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లను నిద్రపోనివ్వని సమస్య ఇది. పేరు ర్యాపిడ్ టిష్యూ నెక్రోసిస్.. పొట్టిగా ఆర్‌టీఎన్. పగడం ఒంటి మీది కణజాలం కొన్ని గంటల్లో, మహా అయితే ఒకట్రెండు రోజుల్లో చచ్చి ఊడిపోతుంది. ఇదే మెల్లగా, మొదలు దగ్గర్నుంచి పైకి వారాల తరబడి పాకితే ఎస్‌టీఎన్ అంటారు. కొమ్మలు కొమ్మలుగా పెరిగే అక్రోపోరా రకాలకే ఈ దెబ్బ ఎక్కువ.

పగడం రాయి కాదు.. జంతువు

పగడం అనగానే మనకు గుర్తొచ్చేది ఉంగరంలోని ఎర్ర రాయి. అది వేరే రకం. ట్యాంకుల్లో పెంచేవి దిబ్బలు కట్టే పగడాలు. స్కూల్ పుస్తకాల్లో ప్రవాళ భిత్తికలు అని చదువుకున్నాం కదా.. వాటిని కట్టేవి ఇవే. పాలిప్ అనే బుల్లి జంతువులు వేల సంఖ్యలో ఒకదానికొకటి అతుక్కుని, కింద సున్నపు గూడు కట్టుకుంటూ పెరుగుతాయి. ప్రాణం ఉన్నదంతా పైన ఉండే ఆ పల్చటి పొరలోనే. అది ఊడిపోతే మిగిలేది గూడు మాత్రమే.

ఇక్కడే చాలామంది పొరబడతారు. తెల్లబడితే చాలు 'బ్లీచింగ్' అనేస్తారు. రెండూ ఒకటి కాదు. బ్లీచింగ్‌లో పగడం తన ఒంట్లో ఉండే సూక్ష్మమైన నాచును వదిలేస్తుంది. రంగు పోతుంది కానీ కణజాలం అలాగే ఉంటుంది. దగ్గరగా చూస్తే గాజులా కనిపించే పాలిప్స్ ఉంటాయి. పరిస్థితి చక్కబడితే కోలుకునే ఛాన్స్ ఉంది. ఆర్‌టీఎన్‌లో ఆ పొరే ఉండదు. ఊడిన చోట మళ్లీ ప్రాణం రావడం దాదాపు ఉండదు.

దోషి ఎవరు? ఒకే ఏడాది రెండు జవాబులు

ఇటలీ శాస్త్రవేత్తలు అక్వేరియంలలో ఇలా చనిపోతున్న పగడాలను పరిశీలించి 2007లో ఒక పరిశోధన ప్రచురించారు. విబ్రియో హార్వేయి అనే బ్యాక్టీరియా పాత్ర ఉందని అందులో తేల్చారు. హమ్మయ్య, దొంగ దొరికాడు అనుకోవచ్చు. కానీ అదే ఏడాది ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌లో ఇలాగే తెల్లబడుతున్న పగడాల మీద మరో పరిశోధన వచ్చింది. అక్కడ గాయాల దగ్గర బ్యాక్టీరియా దాడి ఆనవాళ్లు దొరకలేదు. పగడం కణాలే తమను తాము చంపుకుంటున్నట్టు కనిపించింది!

అంటే ఆర్‌టీఎన్ అనేది ఒక రోగం పేరు కాదు.. ఒక లక్షణం పేరు. 'జ్వరం' అన్నట్టే అన్నమాట. జ్వరం మలేరియాతో రావచ్చు, టైఫాయిడ్‌తో రావచ్చు. ఇదీ అంతే.

సముద్రంలోనూ ఇదే తికమక. 2014లో అమెరికాలోని మయామీ దగ్గర స్టోనీ కోరల్ టిష్యూ లాస్ డిసీజ్ బయటపడింది. ఇది ట్యాంకుల్లో వచ్చేదానికి వేరు. ఫ్లోరిడా తీరమంతా పాకి, కరీబియన్ దీవుల దాకా వెళ్లింది. 20కి పైగా జాతుల్ని దెబ్బతీసింది. అమాక్సిసిలిన్ కలిపిన పేస్ట్‌ను డైవర్లు కిందికి దిగి గాయాలకు పూస్తే చాలావరకు ఆగుతోంది. కాబట్టి బ్యాక్టీరియా హస్తం ఉందని అనుమానం. అయితే అదే పగడం మీద ఇంకోచోట కొత్త గాయాలు మళ్లీ వస్తున్నాయి. ఫలానా క్రిమే కారణమని మాత్రం ఇంకా తేలలేదు.

'టెస్టులన్నీ నార్మలే కదా?'

ట్యాంక్ పెట్టినవాళ్లు మొదట అనే మాట ఇదే. కానీ పొద్దున చేసిన టెస్ట్ పొద్దున నీళ్ల సంగతే చెబుతుంది. రాత్రి రెండింటికి ఏం జరిగిందో చెప్పదు.

ముఖ్యంగా అనుమానించాల్సింది ఆల్కలినిటీని. పగడం గూడు కట్టుకోవడానికి కావాల్సిన ముడిసరుకు ఎంత ఉందో చెప్పే లెక్క అది. సముద్రపు నీళ్లలో సుమారు 7 డీకేహెచ్ ఉంటుంది. పగడాలు నిండుగా ఉన్న ట్యాంక్ దాన్ని రోజూ తాగేస్తూ ఉంటుంది. కాబట్టి చిన్న పంపుతో చుక్కలు చుక్కలుగా కలుపుతుంటారు. ఆ పంపు గొట్టం మూసుకుపోయిందనుకోండి.. రీడింగ్ జారిపోతుంది. అది చూసి కంగారుపడి ఒకేసారి ఎక్కువ పోశారనుకోండి.. ఒక్కసారిగా ఎగబాకుతుంది. 7 ఉన్నా, 9 ఉన్నా పగడం బతుకుతుంది. రాత్రికి రాత్రి 9 నుంచి 7కి పడితేనే తట్టుకోలేదు. హీటర్ ఆన్‌లోనే ఇరుక్కుపోవడం, కరెంట్ పోయి నీళ్ల కదలిక ఆగడం, ఉప్పు శాతం మారడం, కొత్త లైట్ పెట్టి ఫుల్ పవర్ ఇచ్చేయడం.. ఇవన్నీ ఈ జాబితాలోవే. కొత్తగా తెచ్చిన పగడం మొదటి రోజుల్లోనే ఇలా పోవడం కూడా మామూలే. ప్రయాణం బడలిక దానికీ ఉంటుంది మరి.

మొదలైతే ఏం చేయాలి?

కారణం వెతుక్కుంటూ కూర్చుంటే ఈలోపు పగడం పోతుంది. అనుభవం ఉన్నవాళ్లు ముందు కట్టర్ తీస్తారు. ఊడుతున్న గీతకు కాస్త పైన, ఆరోగ్యంగా ఉన్న భాగంలో కొమ్మ చివర్లు కోసేస్తారు. ఆ ముక్కల్ని అయోడిన్ కలిపిన నీళ్లలో కాసేపు ముంచి వేరే ట్యాంక్‌లో పెడతారు. వీలైతే తెలిసినవాళ్ల ట్యాంక్‌కు ఒక ముక్క పంపిస్తారు. అన్నీ బతకవు. ఒకటి బతికినా ఆ పగడం మిగిలినట్టే. చనిపోతున్న పెద్ద భాగాన్ని బయటికి తీసేసి, ఊడిన పొరల్ని సన్నటి పైపుతో లాగేయాలి. ఆ తర్వాతే ఆల్కలినిటీ, ఉప్పు శాతం, ఉష్ణోగ్రత చూసుకోవాలి.. అదీ ఇంకో మీటర్‌తో. పాత మీటరే తప్పు చూపించి ఉండొచ్చు.

చేయకూడనివి రెండు. కంగారులో ఒకేరోజు అన్నీ మార్చేయడం ఒకటి. మెయిన్ ట్యాంక్‌లో యాంటీబయాటిక్ పోసేయడం రెండోది. నీళ్లను శుభ్రంగా ఉంచే మంచి బ్యాక్టీరియా చచ్చిపోతే, అప్పుడు చేపల వంతు వస్తుంది.

మన దగ్గర పెంచొచ్చా?

దిబ్బలు కట్టే పగడాలన్నింటినీ 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో చేర్చారు. అంటే పులికి ఉన్న రక్షణే వీటికీ ఉంది. సముద్రంలోంచి తీసినా, అమ్మినా నేరమే. కనీసం 3 ఏళ్ల నుంచి 7 ఏళ్ల దాకా జైలు పడుతుంది. ఎవరైనా ఫోన్‌లో ఫొటో పంపి 'లైవ్ కోరల్ ఉంది, చవగ్గా ఇస్తాం' అంటే ఈ సంగతి గుర్తుంచుకోండి. అక్వేరియం షాపుల్లో దొరికే రెజిన్ పగడాలకు మాత్రం ఈ చట్టంతో పని లేదు. వాటికి ఆర్‌టీఎన్ గొడవ కూడా లేదు!