మెడ మాస్కు

మెడ మాస్కు అనగా మెడ చర్మం బిగువుగా కనిపించడానికి పూసే లేపనం లేదా అతికించే తడి పట్టీ. ముఖచర్మంతో పోలిస్తే మెడ చర్మం పలుచన, నూనె గ్రంథులు తక్కువ. అందుచేత త్వరగా పొడిబారుతుంది. వయసు వల్ల, ఎండ వల్ల కొల్లాజెన్, ఎలాస్టిన్ తగ్గి ముడతలు పడతాయి.

"కొల్లాజెన్ మాస్కు" అన్న పేరు చూసి ఎక్కువ ఆశించరాదు. కొల్లాజెన్ అణుభారం సుమారు 3,00,000 డాల్టన్లు. 500 డాల్టన్లు మించిన అణువులు సాధారణంగా చర్మపు పైపొరను దాటలేవు. కనుక అది పైననే నిలిచి తేమను పట్టి ఉంచుతుంది, అంతే. గ్లిజరిన్ కూడా ఆ పనే చేస్తుంది, అదీ చవకగా. సన్నని గీతలు కొన్ని గంటలపాటు మరుగుపడవచ్చు గానీ వేలాడే చర్మం బిగియదు. ముల్తానీ మట్టి ఆరేటప్పుడు కలిగే బిగుతు నీరు ఆవిరి కావడం వల్లనే. పొడిచర్మం గలవారికి అది తగదు.

కొల్లాజెన్ ఉత్పత్తిని పెంచుతాయని రుజువైనవి రెటినాయిడ్లు. ఇవి పలుచని మెడ చర్మంపై మంట పుట్టించవచ్చు, గర్భిణులు వాడరాదు. సువాసనలు కలపని, తేమనిచ్చే మాస్కును ఎంచుకొని, ముందుగా మోచేతి లోపలివైపు పూసి రెండు రోజులు గమనించడం మంచిది. పగటిపూట సన్‌స్క్రీన్‌ను మెడకు కూడా రాయాలి.

మెడ వెనుక చర్మం నల్లబడి, మందమై, మొఖమల్ వలె మారితే అది అకాంథోసిస్ నైగ్రికన్స్ కావచ్చు. ఇది తరచుగా ఇన్సులిన్ నిరోధకతకు సూచన. అటువంటప్పుడు మాస్కులు మాని, వైద్యుని సంప్రదించి రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోవాలి.