టెన్షన్ తగ్గించే ముక్కు చుక్కలు.. ఆన్‌లైన్‌లో కొనే ముందు ఇది తెలుసుకోండి!

విత్తనం వేశారు.. వాన రాలేదు. బోరు ఎండుతోంది.. అప్పు వాయిదా దగ్గర పడింది. అనంతపురం జిల్లా గుమ్మఘట్ట మండలంలో వేరుశనగ రైతుకు ఈ దిగులు కొత్త కాదు. భైరవానితిప్ప ప్రాజెక్టు ఇక్కడే ఉన్నా, వేదవతికి నీళ్లు రావాలంటే పైన వానలు పడాల్సిందే. రాత్రంతా నిద్ర పట్టని టైమ్‌లో ఫోన్‌లో 'టెన్షన్ తగ్గించే పెప్టైడ్' అని కనిపిస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఇంతకీ ఏంటిది? నిజంగా పని చేస్తుందా?

పెప్టైడ్ అంటే ఏంటి?

ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల పొడవాటి గొలుసు. అదే గొలుసు పొట్టిగా ఉంటే పెప్టైడ్. మెదడులో సంకేతాలు మోసేవి న్యూరోపెప్టైడ్స్. ఇలాంటివాటిని ల్యాబ్‌లో తయారు చేస్తే సింథటిక్ అంటారు.

ఆందోళన విషయంలో ఎక్కువగా వినిపించే పేరు సెలాంక్. దీన్ని మాస్కోలోని మాలిక్యులర్ జెనెటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌లో తయారు చేశారు. మన శరీరంలోనే ఉండే టఫ్ట్‌సిన్‌లో 4 అమైనో ఆమ్లాలుంటాయి. అది త్వరగా విరిగిపోకుండా ఇంకో 3 కలిపారు. మాత్రగా మింగితే గుడ్డులోని ప్రోటీన్‌లా కడుపులోనే అరిగిపోతుంది. అందుకే ముక్కులో చుక్కలు.

ఎలుకల్లో ఏం చూశారు?

నేల నుంచి ఎత్తులో ప్లస్ గుర్తు ఆకారంలో ఓ బల్ల పెడతారు. రెండు దారులకు గోడలుంటాయి, రెండింటికి ఉండవు. భయపడే ఎలుక గోడల చాటునే ఉంటుంది. భయం తగ్గితే బయటి దారుల్లోకి వస్తుంది. సెలాంక్ ఇచ్చిన జంతువుల్లో ఇలాంటి మార్పులే కనిపించాయి.

మరి మనుషుల్లో?

రష్యాలో 62 మంది రోగులపై జరిగిన స్టడీ 2008లో వచ్చింది. ఆందోళన తగ్గించడంలో మెడాజెపామ్ అనే పాత మందుకు దగ్గరి ఫలితమే వచ్చింది. రష్యాలో ఇది మందుగా అమ్ముడవుతోంది. కానీ అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదం లేదు. మన దగ్గర డాక్టర్లు మామూలుగా రాసే మందుల్లోనూ ఇది లేదు. 62 మంది అంటే చాలా చిన్న లెక్క. ఎలుకకు అప్పు వాయిదా ఉండదన్న సంగతి కూడా మర్చిపోకూడదు.

అసలు ప్రమాదం ఎక్కడ?

ఆన్‌లైన్‌లో దొరికే చాలా సీసాలపై 'పరిశోధన కోసం మాత్రమే' అని రాసి ఉంటుంది. అంటే మనుషులు వాడేందుకు కాదని అర్థం. లోపల ఏముందో, ఎంత డోసో, శుభ్రంగా తయారు చేశారో లేదో కొన్నవాళ్లకు తెలిసే దారి లేదు. అలాగని మెడికల్ షాపులో అల్‌ప్రాజోలామ్ అడిగి తెచ్చుకోవడమూ తప్పే. అది అలవాటైపోయే మందు, చీటీ లేకుండా అమ్మకూడదు.

ఏం చేయాలి?

వాన కోసం దిగులు పడటం జబ్బు కాదు. కానీ గుండె దడ, నిద్రలేమి, పని మీద ధ్యాస లేకపోవడం వారాల తరబడి ఉంటే మాత్రం డాక్టర్‌ను కలవాలి. దీనికి నమ్మకమైన మందులు, కౌన్సెలింగ్ ఇప్పటికే ఉన్నాయి. కేంద్రం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 ఉచితం. 24 గంటలూ పని చేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తే క్షణం ఆగకుండా ఫోన్ చేయండి. ఇంట్లో ఎవరైనా అలా మాట్లాడుతుంటే ఒంటరిగా వదలొద్దు, మీరే నంబర్ కలిపి ఇవ్వండి.