చెనిక్కాయ పుట్టింటికి దారి

అమెరికా ఖండాల్లో చూసితీరాలనుకునే చోట్ల జాబితా రాయమంటే తెలుగువారిలో చాలామంది కలం నయాగరా జలపాతంతో మొదలై, న్యూయార్క్ స్వేచ్ఛా ప్రతిమ మీదుగా పెరూ కొండల మీది మాచు పిచ్చు దాకా సాగి ఆగుతుంది. అందులో తప్పేమీ లేదు గాని, అది ఏ ఊరివారైనా రాయగలిగిన జాబితా. అనంతపురం పీఠభూమి మీద పుట్టి పెరిగినవారు కలగనదగిన యాత్ర వేరే ఉంది. నైరుతి రుతుపవనాన్ని పశ్చిమ కనుమలు అడ్డగించడం వల్లా, ఈశాన్య రుతుపవనం తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి నీరసించడం వల్లా ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే ఈ వర్షచ్ఛాయ ప్రాంతాన్ని, అంటే కొండల చాటున వానకు దూరమైన నేలను, పోషించిన పంట అమెరికాదే; చేల గట్టున కంచెగా నిలిచిన ముళ్లచెట్టు అక్కడిదే; పదేపదే విరుచుకుపడిన కరువు జాడ కూడా అక్కడి సముద్రంలోనే దొరుకుతుంది.

జాబితాలో మొదటి పేరు దక్షిణ బొలీవియాలో, అర్జెంటీనా సరిహద్దుకు చేరువలో ఉన్న ఇపా అనే చిన్న పల్లె. వేడీ, ముళ్లపొదలూ, సుదీర్ఘమైన ఎండకాలమూ గల చాకో మైదానం ఆ పరిసరాల నుంచే పరుచుకుంటుంది. అరాకిస్ ఇపయెన్సిస్ అనే అడవి వేరుశెనగ శాస్త్రజ్ఞులకు దొరికింది ఈ పల్లె దాపునే. సుమారు 10 వేల ఏళ్ల కిందట ఉత్తరం నుంచి వచ్చిన మనుషులు తెచ్చిన ఈ మొక్కకూ, స్థానికంగా పెరిగే అరాకిస్ డ్యురానెన్సిస్ అనే మరో అడవి మొక్కకూ సంకరం జరిగి, రెండింటి క్రోమోజోములూ కలిసి ఉన్న కొత్త మొక్క పుట్టిందనీ, నేటి సాగు వేరుశెనగ దాని సంతానమేననీ జన్యు పరిశోధన తేల్చింది. ఆ రెండు అడవి జాతుల జన్యుపటాలను 2016లో ప్రకటించిన అంతర్జాతీయ బృందంలో పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు కూడా ఉన్నారు.

పుట్టినిల్లు ఇపా అయితే మెట్టినిల్లు కదిరి, కళ్యాణదుర్గం, ధర్మవరం చేలు. ఒక కాలంలో 7 లక్షల హెక్టార్లకు పైగా వేరుశెనగ వేసి దేశంలోనే ముందు నిలిచిన ఉమ్మడి అనంతపురం జిల్లాలో, ఇక్కడివారు చెనిక్కాయ అని పిలిచే ఆ పంట ధరను బట్టే పెళ్లిళ్లు కుదిరేవి, వాయిదా పడేవి. పసుపుపచ్చని పువ్వు వాడిన తర్వాత అండాశయం కింది భాగం సన్నని కాడలా సాగి, నేలవైపు వంగి, మట్టిలో దిగి, ఆ చీకట్లో కొన ఉబ్బి కాయ అవుతుంది. ఆ కాడను రైతులు ఊడ అంటారు. తిమ్మమ్మ మర్రిమానును ఎకరాలకు ఎకరాలు విస్తరింపజేసిన ఊడలకూ దీనికీ ఒకే పేరు పెట్టడంలో ఈ ప్రాంత రైతు చూపు ఎంత నిశితమో తెలుస్తుంది. ఊడలు దిగే రోజుల్లో వాన మొహం చాటేస్తే ఎర్రనేల గట్టిపడి, ఊడ కొన లోపలికి దిగలేక పైనే ఎండిపోతుంది. చెట్టు పచ్చగానే ఉన్నా కాయ ఉండదు.

ఉత్తర అమెరికాలో ఇదే పంటకు సంబంధించిన చోటు అలబామా రాష్ట్రంలోని ఎంటర్‌ప్రైజ్ పట్టణం. పత్తిని తినేసిన ముక్కుపురుగు వల్ల గత్యంతరం లేక వేరుశెనగకు మళ్లి, బాగుపడిన అక్కడివారు 1919లో ఆ పురుగు పేరిట నడివీధిలో స్మారకం కట్టుకున్నారు. వాణిజ్య పంట చేతిలో దెబ్బతిన్న ఏ ప్రాంతం వారైనా ఒకసారి నిలబడి చూడవలసిన విగ్రహం అది.

పిల్లలను చూడడానికి డల్లాస్ వెళ్లే తల్లిదండ్రులు ఒక రోజు కారు ప్రయాణానికి ఓర్చుకుంటే కాన్సాస్ నైరుతి మూలలోని సిమరాన్ జాతీయ గడ్డిభూమిని చేరవచ్చు. 1930లలో గడ్డినేలలను లోతుగా దున్ని గోధుమ వేసిన చోటల్లా వరుస కరువులకు మట్టి ధూళిగా లేచి, 1935 ఏప్రిల్ 14న పట్టపగలే చీకటి కమ్మింది. ఆ తర్వాత ప్రభుత్వం పాడైన పొలాలను కొని, గడ్డి నాటి, లక్ష ఎకరాలకు పైగా నేలను తిరిగి నిలబెట్టింది. హగరి నది ఇసుక గాలికి లేచి అనంతపురం జిల్లా బొమ్మనహాళ్, కణేకల్లు పొలాల మీద మేటలు వేయడాన్ని చూసినవారికి ఆ గడ్డిలో నడవడం మామూలు విహారంగా తోచదు.

మెక్సికోలో టెహువాకాన్ లోయ ఒక్కటి చాలు. స్తంభాల్లాంటి జెముళ్లు అడవిగా నిలిచిన ఆ లోయను 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. అనంతపురం గట్ల మీది నాగజెముడు, కిత్తనార, అంగట్లో గుట్టలుపోసే ఎండుమిరప, ఇవన్నీ అమెరికా సంతతే. ఇక్కడ కంచెకే పరిమితమైన జెముడు మట్టను మెక్సికో ఇళ్లలో ముళ్లు గీకి కూర వండుకుంటారు.

ఆపైన జాబితా కరువు వెంట బ్రెజిల్ ఈశాన్య భాగానికి సాగుతుంది. 1876లో మొదలైన ధాత కరువు రాయలసీమ ఊళ్లను ఖాళీ చేసింది. అప్పటికి అనంతపురం ప్రత్యేక జిల్లా కూడా కాదు, బళ్లారిలో భాగం; 1882లోనే విడివడింది. సరిగ్గా ఆ కరువు కొనసాగుతున్న 1877లోనే బ్రెజిల్ సెయరా ప్రాంతంలో వానలు ఆగిపోయి, 'గ్రాండి సెకా', అంటే మహాకరువు, మూడేళ్ల పాటు లక్షల మందిని పొట్టన పెట్టుకుంది. భూగోళానికి చెరో వైపున ఉన్న ఇద్దరు రైతులు ఒకరి పేరు ఒకరికి తెలియకుండా ఒకే కారణం వల్ల ఒకేసారి ఆకాశం వైపు చూశారు.

నేడు అక్కడ చూడవలసింది ఇళ్ల పక్కన తెల్లగా, గుండ్రంగా కనిపించే నీటి తొట్లు. పెంకుటింటి చూరు నుంచి జారే వాననీటిని గొట్టం ద్వారా పట్టి నిల్వచేసే ఒక్కో తొట్టిలో 16 వేల లీటర్లు పడతాయి. ఒక కుటుంబం ఎండకాలమంతా తాగడానికీ వంటకూ అవే నీళ్లు. 2003లో పది లక్షల తొట్లు లక్ష్యంగా మొదలైన పథకం ఆ లక్ష్యాన్ని చేరింది. కట్టుబడి పని నేర్చుకుని తమ తొట్లు తామే కట్టుకున్న మహిళలు ఎందరో ఉన్నారు. వెయ్యి అడుగుల బోర్లు వేసి అప్పులపాలైన పల్లెల నుంచి వెళ్లేవారు ఆ తొట్టి మూత తీసి నీళ్లు చూసి రావాలి.

ఆ రెండు కరువుల ఉమ్మడి కారణానికి పేరు పుట్టిన చోటు పెరూ ఉత్తర తీరం. అక్కడి పైటా రేవు నావికులు క్రిస్మస్ రోజుల్లో వచ్చే వెచ్చని నీటి ప్రవాహాన్ని బాలక్రీస్తు పేరిట ఎల్ నినో అని పిలుస్తారని నౌకాధికారి కామిలో కర్రీయో 1892లో నమోదు చేశాడు. కొన్ని సంవత్సరాల్లో పసిఫిక్ మీది తూర్పు గాలులు బలహీనపడి, పడమట ఉండవలసిన వెచ్చని నీరు పెరూ వైపు జరిగితే, దానితోపాటు మేఘాలు లేచే చోటూ జరిగి, భారత రుతుపవనం తరచు బక్కచిక్కుతుంది. ఎల్ నినో వచ్చిన ప్రతిసారీ కరువు రాకపోయినా, కరువు వచ్చిన చాలా ఏళ్లలో ఎల్ నినో ఉంది. భూమధ్యరేఖకు దిగువన ఆ చిన్న రేవులో నిలబడి, ఆ నీళ్లలో చేయి ముంచి చూడాలన్న కోరిక అనంతపురం వారికి గాక ఇంకెవరికి కలగాలి?

పైటా నుంచి అదే తీరం వెంట దక్షిణంగా వస్తే లాంబాయేకె పట్టణం. చిక్లాయో నగరం దగ్గరి సిపాన్ మట్టిదిబ్బలో 1987లో పురావస్తు శాస్త్రజ్ఞుడు వాల్టర్ ఆల్వా బృందం వెలికితీసిన మోచే నాగరికత కాలపు ప్రభువు సమాధి సంపద అక్కడి మ్యూజియంలో ఉంది. సుమారు 1,700 ఏళ్ల కిందటి ఆ ప్రభువు మెడలో వేరుశెనగ కాయల ఆకారంలో చేసిన హారం దొరికింది. కుడివైపు బంగారు కాయలు పది, ఎడమవైపు వెండి కాయలు పది. నిజం కాయకంటే పెద్దవిగా ఉన్నా పొట్టు మీది గీతలూ, రెండు గింజల నడుమ సన్నబడే నడుమూ కంసాలి చేతిలో ఏమాత్రం తప్పిపోలేదు. కళ్లంలో కూర్చుని కట్ట నుంచి కాయలు ఒలిచిన ఏ ముసలమ్మయినా అద్దం ఇవతలి నుంచి వాటిని చూసి, పక్కనున్న ఫలకం చదవకముందే, చెనిక్కాయలని చెప్పేస్తుంది.