గాజుతొట్టి చేపలకూ మితాహారమే రక్ష

చిత్రావతి నీటితో నిండే బుక్కపట్నం చెరువును చూస్తూ పెరిగిన మాకు చేపలు కొత్త కాదు. అయితే చెరువు చేపకూ, ఇంటి గాజుతొట్టిలోని చేపకూ భేదమున్నది. చెరువులో మలినాలు విశాలమైన నీటిలో కలిసి పలచబడతాయి. తొట్టిలో అక్కడే నిలిచిపోతాయి. ఇళ్లలో చేపలు ఆకలితో కన్నా అతిమేత వల్లనే ఎక్కువగా మరణించడం నేను గమనించాను.

మిగిలిన మేత కుళ్లితే అమ్మోనియా అనే విషం పుడుతుంది. చేపల విసర్జనలోనూ అదే ఉంటుంది. గులకరాళ్లను, వడపోత స్పాంజిని ఆశ్రయించిన సూక్ష్మజీవులు దానిని క్రమంగా నైట్రేటుగా మార్చి హానిని తగ్గిస్తాయి. నీరంతా పారబోసి, అన్నిటినీ సబ్బుతో కడిగితే ఆ మేలు చేసే జీవులు నశిస్తాయి.

ఆచరించవలసిన పద్ధతి ఇది:

* రోజుకు రెండు పూటలు, రెండు మూడు నిమిషాలలో తినగలిగినంత మేతే వేయండి.
* ఎదిగిన చేపలకు వారానికొక దినం ఉపవాసం మంచిది. లంఘనం పరమౌషధమన్న మాట వీటికీ వర్తిస్తుంది.
* గోల్డ్‌ఫిష్‌కు మలబద్ధకమైతే, ఉడికించి పొట్టు తీసిన బఠాణీని నలిపి పెట్టండి.
* వారానికి నాలుగవ వంతు నీటినే మార్చండి. క్లోరిన్ కలిపిన కుళాయి నీటిని వెడల్పాటి పాత్రలో 24 గంటలు నిలువ ఉంచి వాడండి.
* మా ప్రాంతపు బోరునీటి వంటి కఠినజలంలో గప్పీలు, మోలీలు చక్కగా పెరుగుతాయి.

చేపలు పదేపదే పైకి వచ్చి నోరు తెరుస్తుంటే అది ఆకలి అని భ్రమపడకండి. ప్రాణవాయువు చాలడం లేదని గ్రహించి, మేత మాని, ముందు కొంత నీరు మార్చండి.