తాళంచెవి ఎవరి జేబులో?

నాగోల్ మెట్రో స్టేషనులో కదిలే మెట్లు ఎక్కేటప్పుడు గమనించారా? కింద ఒకటి, పైన ఒకటి ఎర్ర మీటలుంటాయి. ఎవరి చీరకొంగయినా మెట్ల సందులో చిక్కుకుంటే మీట నొక్కాలి, మెట్లు ఆగిపోతాయి. మరి పోటీకోసం మీరు కట్టే రోబోకు అలాంటి మీట ఉందా?

చెక్ భాషలో 'రొబోట' అంటే వెట్టిచాకిరి. 1920లో కారెల్ చాపెక్ రాసిన నాటకం నుంచి 'రోబో' మాట లోకమంతా పాకింది. ఈ చాకిరీ యంత్రానికి ఎదుట ఉన్నది ఇనుప ముక్కో, మనిషి వేలో తెలియదు. 1979 జనవరి 25న అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో, ఒక కర్మాగారంలో రోబో చెయ్యి తగిలి ఒక కార్మికుడు మరణించాడు.

అంత దూరం ఎందుకు? కొన్నేళ్ల కిందట, సైన్సు ప్రదర్శనకు ముందురోజు, ఒక విద్యార్థి పళ్లచక్రాల మధ్య ఇరుక్కున్న దారం తీస్తున్నాడు. బల్లకు అవతల ఉన్న స్నేహితుడు అది చూడక బ్యాటరీ తగిలించాడు. వేలికి మూడు కుట్లు పడ్డాయి. తప్పు స్నేహితుడిదేనన్నారు అందరూ. కాదు. తప్పు యంత్రం కట్టిన తీరుది; దాన్ని చూసి "భేష్" అన్న నాది.

ఆనాటి నుంచి మా పద్ధతి ఇది. బ్యాటరీ నుంచి మోటారుకు పోయే తీగ మధ్యలో ఊడదీయగల చిన్న ప్లగ్గు పెడతాం. అదే తాళంచెవి. రోబోలో చెయ్యి పెట్టేవారే దాన్ని తీసి తమ జేబులో వేసుకోవాలి. ఇక ఎవరు పొరబడినా మోటారుకు కరెంటు అందదు.

ఎర్ర మీట సంగతి: నొక్కితే వలయం తెగాలి, కలవకూడదు. ఎందుకంటారా? అప్పుడు మీట తీగ దానంతటది ఊడినా యంత్రం ఆగుతుంది. మీటను తిరిగి పైకి తీసినంత మాత్రాన యంత్రం మళ్లీ కదలకూడదు కూడా.

కరెంటు ఆగితే ప్రమాదం పోయినట్లేనా? లెక్క వేద్దాం. 1 కిలో బరువు, 10 సెంటీమీటర్ల వ్యాసార్ధం గల బిళ్ల నిమిషానికి 3000 సార్లు తిరుగుతోందనుకోండి. దానిలోని శక్తి సుమారు 247 జౌళ్లు. 25 మీటర్ల ఎత్తునుంచి పడిన కిలో రాయికి ఉండేంత! వేగం రెట్టింపయితే శక్తి నాలుగు రెట్లవుతుంది. కనుక బిళ్ల పూర్తిగా నిలిచేదాకా దగ్గరకు పోరాదు.

లిథియం బ్యాటరీతో మరింత జాగ్రత్త. దాని రెండు కొసలూ కలిస్తే పదుల ఆంపియర్ల విద్యుత్తు పారి, తీగలు ఎర్రగా కాలుతాయి. అందుకే ఫ్యూజును బ్యాటరీకి దగ్గరగా పెట్టాలి. ఉబ్బిన బ్యాటరీని వాడనే కూడదు. చార్జింగు పెట్టి ఇంటికి పోకూడదు.

ఒక చిన్న ప్రయోగం చేయండి. చక్రాలు నేలకు తగలకుండా రోబోను రెండు ఇటుకలమీద నిలపండి. నడిపించి, ఎర్ర మీట నొక్కి, అన్నీ నిలిచేదాకా ఎన్ని సెకండ్లయిందో లెక్కించండి. ఆ అంకెను రోబో వీపుమీద పెద్దగా రాయండి. ఆపైన చెయ్యి పెట్టేముందు ఒక్కసారి జేబు తడుముకోండి: తాళంచెవి ఉందా?