గోడ సున్నం నాకిన పిల్లి

"మూడు రోజుల్నించి గోడ నాకుతూనే ఉంది డాక్టరుగారూ, అన్నం మాత్రం ముట్టట్లేదు" అంటూ ఆ అమ్మాయి బుట్టలోంచి పిల్లిని తీసి బల్ల మీద పెట్టింది. నాలుగేళ్ళ గండుపిల్లి. రాత్రిళ్ళు మేడల మీద కొట్లాడి వచ్చే రకమని చిరిగి మానిన చెవి అంచే చెప్తోంది. పై పెదవి ఎత్తి చూశాను. లేత గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్ళు కొబ్బరిముక్కలా తెల్లగా ఉన్నాయి.

ఒంట్లో రక్తం తగ్గిన పిల్లులు కొన్ని మట్టీ సున్నమూ నాకుతాయి. జ్వరం కూడా ఉంది. "పారాసిటమాల్ ఏమైనా వేశారా?" అని ముందు అదే అడిగాను. వెయ్యలేదంది. మనకి మామూలైన ఆ మాత్ర పిల్లికి విషం. ఇంట్లో పిల్లి ఉన్నవాళ్ళు ఈ ఒక్క మాట మర్చిపోకూడదు.

సన్నటి గాజుగొట్టంలోకి రక్తం తీసి మిషన్లో తిప్పితే ఎర్రకణాలు అడుగుకి చేరతాయి. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి ఆ ఎర్ర భాగం నూటికి 24 నుంచి 45 దాకా ఉంటుంది. దీనికి 13. చెవి అంచున గుచ్చి, అప్పుడే వచ్చిన చుక్కతో స్లైడు వేశాను. గడ్డకట్టకుండా మందు కలిపిన సీసాలో రక్తం నిలవుంటే, నేను వెతికేవి కణాల మీంచి ఊడిపోతాయి. జీమ్సా రంగు పట్టించి మైక్రోస్కోపు కింద పెడితే ఎర్రకణాల అంచుల్ని పట్టుకుని ఊదా రంగు చుక్కలు. కొన్ని కణాల మీద ఒకటి, కొన్నింటి మీద వరసగా మూడు.

మైకోప్లాస్మా హీమోఫెలిస్ అనే సూక్ష్మజీవి. పిల్లుల్లో దీన్ని 1942లో దక్షిణాఫ్రికాలో గుర్తించారు. చాలాకాలం వేరే పేరుతో పిలిచి, జన్యువులు చదవడం వచ్చాక మైకోప్లాస్మాల్లో చేర్చారు. ఇది కణం పైన అతుక్కుంటుంది. ఒళ్ళు ఆ కణాన్ని తనది కాదనుకుంటుంది, ప్లీహం దాన్ని పట్టి నాశనం చేస్తుంది. అంటే రక్తాన్ని తినేసేది చాలావరకు పిల్లి రక్షణ వ్యవస్థే. ఈ చుక్కలు ఒకరోజు నిండుగా కనిపించి, మర్నాటికి మాయమవుతాయి కూడా. అందుకే స్లైడు బాగున్నా అనుమానం తీరకపోతే పీసీఆర్ పరీక్షకి పంపుతాం.

పెన్సిలిన్ దీన్నేం చెయ్యలేదు. ఆ మందు బ్యాక్టీరియా గోడ కట్టుకోకుండా అడ్డుపడుతుంది, మైకోప్లాస్మాకి అసలు గోడే లేదు. డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది. కాకపోతే పిల్లి గొంతులో మాత్ర ఇరుక్కుంటే అన్నవాహిక పుండుపడి, ఇరుకైపోతుంది. మాత్ర వెయ్యగానే సిరంజితో ఐదారు మిల్లీలీటర్ల నీళ్ళు మెల్లగా తాగించమని ఆ అమ్మాయికి రెండుసార్లు చేసి చూపించాను. పాలలో కలపొద్దని కూడా చెప్పాను. కాల్షియం మందుని కొంత పట్టేసుకుంటుంది.

పిల్లి కోలుకుంది. మూడు వారాలకి గొట్టంలో ఎర్ర భాగం 27కి వచ్చింది. అయినా మా క్లినిక్‌లో రక్తం ఇవ్వగల పిల్లుల పుస్తకంలో దాని పేరు రాయలేదు. రోగం తగ్గినా సూక్ష్మజీవి రక్తంలో మిగిలిపోవచ్చు. ఎక్కించిన రక్తంతోపాటే ఇంకో పిల్లికి వెళ్తుంది.

ఆ మాట రాస్తుంటే నాకు గుర్తొచ్చేది మాత్రం గొర్రెలే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, మెట్ట ఊళ్ళో ఒక మందకి వానలకి ముందు చిటుకు రోగం టీకా వేశాను. ఎండ ముదురుతోంది, సూదులు తక్కువున్నాయి. ఒకే సూదితో వరసగా వేసుకుంటూ పోయాను. నెల తిరిగేసరికి పిల్లలు నీరసించి మంద వెనక పడిపోతున్నాయని కబురొచ్చింది. కంటిరెప్ప కిందకి లాగి చూస్తే లోపల పాలిపోయి ఉంది. గొర్రె పాలిపోతే మా మొదటి అనుమానం కడుపులో నట్టల మీదికే పోతుంది. నట్టల మందు పోశాం, మార్పు రాలేదు. పేడ పరీక్షలోనూ పెద్దగా ఏం లేదు. చివరికి స్లైడులో అవే చుక్కలు. గొర్రెలకొచ్చే మైకోప్లాస్మా ఓవిస్. పిల్లల్నే ఎక్కువ దెబ్బతీస్తుంది. ఐదు చనిపోయాయి.

జోరీగలు, దోమలు, పిడుదులు కూడా దీన్ని మోస్తాయని తెలుసు. కానీ నెత్తురంటిన సూది, చెవికి ట్యాగు వేసే కత్తెర కూడా అదే పని చేస్తాయి. ఆ మందలో తప్పు ఈగల మీదికి నెట్టలేను. సూది పట్టుకున్నది నేను. పశువులకీ ఈ జాతిలో వేరే మైకోప్లాస్మాలున్నాయి. ఆవుకి వెనక కాళ్ళు వాచి, పాలు తగ్గితే వాటినీ అనుమానించాలి.

ఇప్పుడు గొర్రెకో సూది. వంద గొర్రెలకి వంద సూదులు, ట్యాగు వేశాక ప్రతిసారీ కత్తెర మందు నీళ్ళలో ముంచడం. పొద్దున్నే మొదలుపెట్టినా మధ్యాహ్నం దాటిపోతుంది. "ఇంతసేపా డాక్టరమ్మా, మేతకి తోలాలి" అని కాపరి తొందరపెడుతుంటాడు. పిల్లని చంకలో పట్టుకోమని చెప్పి, ముందు కంటిరెప్ప కిందకి లాగి చూస్తాను.