ఫోన్ కంటే ముందు జేబులో ఏముండేది? డిజిటల్ ఆర్గనైజర్ల కథ

ఫ్రెండ్ నంబర్ కావాలన్నా, ఎగ్జామ్ డేట్ గుర్తుండాలన్నా ఇప్పుడు ఫోన్ తీస్తాం. మరి ఫోన్ అంటే కాల్స్ మాత్రమే అయిన రోజుల్లో? అప్పుడు ఈ పని చేసినవే డిజిటల్ ఆర్గనైజర్లు. వీటినే తర్వాత పీడీఏ, అంటే పర్సనల్ డిజిటల్ అసిస్టెంట్ అన్నారు.

ఎలా మొదలయ్యాయి?

1984లో బ్రిటన్ కంపెనీ సయాన్ తన ఆర్గనైజర్‌ని తెచ్చింది. 1993లో యాపిల్ న్యూటన్ మెసేజ్‌ప్యాడ్ వచ్చింది. స్క్రీన్ మీద రాస్తే అదే చదువుతుందన్నారు గానీ, మొదట్లో చేతిరాతను తప్పుగా చదివి నవ్వులపాలైంది. పైగా జేబులో పట్టే సైజు కాదు.

అసలు హిట్ 1996లో వచ్చిన పామ్ పైలట్. దాన్ని డిజైన్ చేసిన జెఫ్ హాకిన్స్ ముందుగా ఒక చెక్క ముక్కను జేబులో పెట్టుకుని తిరిగి, సైజు సరిపోతుందో లేదో చూసుకున్నాడు! పైలట్ 1000 మోడల్‌లో మెమరీ 128 కేబీ, ప్రాసెసర్ 16 మెగాహెర్ట్జ్. ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చే ఒక గుడ్ మార్నింగ్ ఫొటో కూడా అందులో పట్టకపోవచ్చు. కానీ రెండు చిన్న పెన్సిల్ బ్యాటరీలతో వారాలు నడిచేది.

రోజూ దేనికి వాడేవారు?

కింద నాలుగు బటన్లు: క్యాలెండర్, అడ్రస్‌లు, చేయాల్సిన పనులు, నోట్స్. ఏది నొక్కితే అది వెంటనే ఓపెన్ అయ్యేది. రాయడానికి గ్రాఫిటీ అనే పద్ధతి ఉండేది. దాదాపు ప్రతి అక్షరాన్నీ పెన్ ఎత్తకుండా ఒకే గీతలో రాయాలి. మెషీన్ మన రాత నేర్చుకోవడం కాదు, మనమే దాని రాత నేర్చుకోవాలి. విచిత్రంగా ఇదే బాగా పనిచేసింది. ఇక స్టాండ్‌లో పెట్టి హాట్‌సింక్ బటన్ నొక్కితే డేటా అంతా కంప్యూటర్‌లోకి కాపీ అయ్యేది.

ఆ బటన్ విలువ మా ఇంట్లో తెలిసొచ్చింది. నాన్నగారి దగ్గర ఒక చిన్న డిజిటల్ డైరీ ఉండేది, దానికి కంప్యూటర్ కనెక్షన్ లేదు. అందులో మెయిన్ బ్యాటరీతో పాటు మెమరీని కాపాడే బ్యాకప్ సెల్ ఒకటి ఉంటుంది. ఒకరోజు ఆయన రెండూ ఒకేసారి తీసేశారు. అంతే, ఏళ్లుగా దాచుకున్న నంబర్లన్నీ మాయం! పాత కాగితం డైరీలో సగం దొరికాయి. మిగతావి ఇక దొరకలేదు.

ఇప్పుడు ఎక్కడున్నాయి?

2002లో ట్రియో లాంటివి ఫోన్‌నీ ఆర్గనైజర్‌నీ కలిపేశాయి. 2007లో ఐఫోన్ వచ్చాక విడిగా పీడీఏ కొనాల్సిన అవసరమే పోయింది. పామ్ తయారుచేసిన వెబ్‌ఓఎస్ మాత్రం ఇంకా బతికే ఉంది, ఎల్‌జీ టీవీల్లో!

నాన్నగారి డైరీలో ఉన్న రిస్క్ మన ఫోన్లలోనూ ఉంది. కాంటాక్ట్స్ మీ అకౌంట్‌కి సింక్ అవుతున్నాయా, లేక ఫోన్ మెమరీలోనే సేవ్ అవుతున్నాయా? ఈ రోజే సెట్టింగ్స్‌లో ఒకసారి చెక్ చేసుకోండి. ఫోన్ పోయాక చూసుకుని లాభం లేదు.